తువ్వాల కింద చెయ్యి

"ఆ చెంచా తీసి అవతల పెట్టు స్రవంతీ. నా కండ్ల ముందట ఆయనతోని గా చేత్తో తినిపించకు. నిన్న చెప్పిన, మొన్న చెప్పిన."

"నేను తినిపిస్తలేనత్తమ్మా. మామయ్యను తినమంటాన."

"ఏ చేత్తోని?"

స్రవంతి గోడవారకు వెళ్లి కింద పడ్డ చెంచా తీసుకుంది. పిడికిలికి పట్టు దొరకాలని రాత్రి కూర్చుని దాని కాడకు స్పాంజి చుట్టి దారం కట్టింది. ఇప్పుడా దారం ఊడి వేలాడుతోంది. చెంచాను విసిరేసింది మామ రాంచందరే.

"అడుగుతాన గద, ఏ చేత్తోని?"

"ఉన్న చేత్తోని, అత్తమ్మా."

పద్మ అన్నం పళ్లెం తన చేతిలోకి తీసుకుంది.

నడిమింట్లో కిటికీ పక్కన కుర్చీలో రాంచందర్ కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒడిలో దిండు మీద ఉంది. వేళ్లు కొద్దిగా ముడుచుకుని, నిద్రపోతున్న పసిపిల్లవాడి చెయ్యిలా. పెదవి కుడి కొస కిందికి జారింది. ఎడమచెయ్యి తువ్వాల కింద ఉంది. పద్మే కప్పింది. అన్నం పెట్టే ప్రతిసారీ మెడ కింది నుంచి ఒడి దాకా తువ్వాల పరిచి, ఆ చెయ్యిని దాని కిందికి సర్దడం ఆమెకు అలవాటైపోయింది.

"పోనీ నేను పెడ్త. నువ్వు జర అవతలికి పో బిడ్డా. నువ్వు ఎదురుంగ నిలబడితే మింగుతలేరు."

స్రవంతి చెంచా పట్టుకుని అక్కడే నిలబడింది. "అత్తమ్మా, సోమవారం రివ్యూ ఉన్నది. వెయిట్ ఇంక తగ్గితే మళ్ల పైపేస్తమన్నరు. యాదికున్నది గద?"

యాదికి లేకపోవడమేమిటి? హన్మకొండ దవాఖానలో ముక్కులోంచి కడుపులోకి వేసిన ఆ సన్నటి పైపు పద్మకు కళ్లు మూసుకుంటే కనబడుతుంది. దాన్ని పీక్కుంటున్నాడని ఎడమచేతికి మెత్తటి గుడ్డ చుట్టి మంచం కడ్డీకి కట్టారు. అట్లా కట్టకపోతే ఏమవుతుందో స్రవంతే ఓపికగా చెప్పింది. అయినా ఆ కట్టిన చేతిని చూసుకుంటూ ఆయన కళ్లవెంట నీళ్లు కార్చిన మధ్యాహ్నం మాత్రం పద్మ మరిచిపోలేదు. బజారంతా సేటూ సేటూ అని పిలిచే మనిషి.

"అందుకే తినిపిస్తాన," అంది పద్మ.

"తింటలేరు గద!"

"పొద్దుగాల పొద్దుగాల మళ్ల షురువైందా?" అంటూ కొడుకు సాయితేజ లోపలి గదిలోంచి వచ్చాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, భుజానికీ చెవికీ మధ్య ఫోను. "ఆఁ, పోశయ్య మామా, మళ్ల చేస్త... శుక్రవారమే... ఆఁ, ఆఁ, చెప్త." ఫోను జేబులో వేసుకున్నాడు.

"ఏమంటాండు పోశయ్య?"

"ఏమంటడు, ఎప్పటి పాటే. శుక్రవారం కాంటా పూజల మొదటి బస్తా ఆయనదే గద. బొట్టు సేటే పెట్టాలె, బోణీ సేటు చేతి మీదనే కావాలె, లేకుంటే బండి మీదికెళ్లి బస్తా దించనంటాండు."

ఎనుమాముల మార్కెట్టులో, రైతుల సరుకు అమ్మిపెట్టే వాళ్ల అడ్తి దుకాణానికి కొత్త మిర్చి వచ్చే మొదటి రోజు అది. పరకాల దిక్కు రైతు పోశయ్య ఏటా మొదటి బస్తా తెస్తాడు. రాంచందర్ బస్తాకు కుంకుమబొట్టు పెట్టి, ఒక కాయ విరిచి చూసి, పోశయ్య దోసిట్లో బెల్లమూ బోణీ నోటూ పెడతాడు. ఆ తర్వాతే తూకం వేసే కాంటా కదులుతుంది. పద్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

"మరి నువ్వేం చెప్పినవ్?"

సాయితేజ జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు. "బాపు హైదరాబాద్ల ఉన్నడు, డాక్టర్లు రెస్ట్ చెప్పిన్రు అని చెప్పిన. బోణీ నేనే చేస్తనన్న."

"ఈడ కుర్చీల కూసున్న మనిషిని హైదరాబాద్ పంపినవా?"

"ఏం చెప్పమంటవే మరి? మాటొస్తలేదు, సొల్లు కారుతాంది, చెయ్యి లేస్తలేదు అని చెప్పాల్నా? మార్కెట్ల ఎవడు ఎట్ల చూస్తడో నీకేమెరుక? పక్క దుకాణపోడు అప్పుడే మన రైతులను..."

"సాయీ!" అంది స్రవంతి.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ముగ్గురూ కిటికీ వైపు తిరిగారు.

"అచ్ఛా," అన్నాడు రాంచందర్.

జబ్బు చేసినప్పటి నుంచీ ఆయన నోట వస్తున్నది ఆ ఒక్క మాటే. ఆకలైనా అచ్ఛా, నొప్పైనా అచ్ఛా. మార్కెట్టులో రోజంతా అనీ అనీ నాలుకకు అంటుకుపోయిన మాట అని పద్మ అనుకుంటుంది. వినేది మాత్రం మామయ్యకు చాలావరకు అర్థమవుతుందని, ఆయన ముందు ఆచితూచి మాట్లాడమని స్రవంతి మొదటి రోజునే అందరికీ చెప్పింది.

సాయితేజ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. స్రవంతి చెంచా తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

పద్మ ముక్కాలిపీట జరుపుకుని, ఆయన కళ్లకు ఎదురుగా కూర్చుంది. నిలబడి పెడితే ఆయన తల ఎత్తాల్సి వస్తుంది, తల ఎత్తితే మెతుకు గాలిగొట్టంలో పడుతుంది. ఇది కోడలు నేర్పిందే. మెత్తగా వండిన అన్నంలో పప్పు కలిపి, చిన్న ముద్ద చేసింది.

"గదవ కిందికి వంచుండ్రి. ఆఁ, గట్ల. జర నోరు తెరువుండ్రి."

ఒకటి తిన్నాడు. మింగేదాకా ఆగి, కుడి చెంపలో మెతుకులు ఇరుక్కున్నాయేమో వేలితో తడిమి చూసింది. రెండోది తిన్నాడు. మూడో ముద్దకు మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. తువ్వాల కింద చెయ్యి కదిలింది. అటుకేసి జరిగిన తువ్వాలను పద్మ మళ్లీ సర్దింది.

"ఇంకొక్కటి. నా మీద ఒట్టు."

ఆయన ఇటు తిరగలేదు.

*

సాయితేజ నర్సును చేసుకుంటానన్న రోజున పద్మ రెండు పూటలు పస్తు ఉంది. మిర్చి అడ్తి రాంచందర్ సేటు కోడలు డ్యూటీలకు పోతుందట అని గిర్మాజీపేట వాడంతా చెప్పుకుంటుందని ఆమె బాధ. "పోనియ్యి, మన ఇంట్ల ఎవలికన్న జరమొస్తే సూది మందన్న ఉట్టిగ ఏస్తది," అని నవ్వి, ఆ గొడవను అక్కడికి తెంపేసింది రాంచందరే.

ఆ కోడలు ఇప్పుడు హన్మకొండలో పక్షవాతం రోగుల వార్డు నుంచి సెలవు తీసుకుని, మామ కోసం ఇంట్లో ఉంది. మంచంలో ఏ పక్కకు ఎప్పుడు తిప్పాలో, జారే భుజం కింద దిండు ఎట్లా పెట్టాలో, పట్టు తప్పిన చేతిని పట్టుకుని ఎందుకు లేపకూడదో ఇంటిల్లిపాదికీ నేర్పింది. నీళ్లు నేరుగా తాగిస్తే పొరబోతుందని, పొడి కలిపి చిక్కగా చేసి తాగిస్తుంది. మామకు ఒంటి మీద ఒక్క పుండు కానివ్వలేదు. ఆ పిల్ల సెలవు అయిపోయే రోజు తలుచుకుంటే ఇప్పుడు పద్మకు దిక్కు తోచదు.

కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ పొసగదు.

ఎడమచేత్తో అన్నం ముట్టడమేమిటి? ఇల్లన్నాక ఒక పద్ధతి ఉండదూ? అందునా వ్యాపారం చేసే ఇల్లు. ఈ ఇంట్లో ఎడమచేత్తో ఉప్పు కూడా అందివ్వరు. పెళ్లయిన కొత్తలో పద్మ ఎడమచేత్తో చిల్లర అందిస్తే అత్తగారు తీసుకోకుండా చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఇది పైకి చెప్పే సంగతి. లోపలి సంగతి ఇంకొకటుంది. దాన్ని ఆమె తనకు తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు.

రాంచందర్ ఏనాడూ నిదానంగా కూర్చుని తిన్నవాడు కాదు. సీజనులో పొద్దున్నే నాలుగు ముద్దలు నోట్లో వేసుకుని, చెయ్యి కడుక్కున్న నీళ్లు ఆరకముందే స్కూటరు తీసేవాడు. అన్నం క్యారియరులో మార్కెట్టుకు పోయేది. రాత్రి వచ్చాక, ఆ రోజు ధరల ఆలోచనలోనే తినేవాడు. కూరలో ఉప్పు లేకపోయినా తెలిసేది కాదు. పద్మ పక్కన నిలబడి వడ్డించేది. ఎన్నేళ్లు వడ్డించిందో అన్నేళ్లూ నిలబడే ఉంది.

ఇప్పుడు ఆయన ఎక్కడికీ పోడు. ఆమె పీట మీద, ఆయన కుర్చీలో, ఇద్దరి మోకాళ్లూ తాకుతూ. పెళ్లినాడు నలుగురిలో సిగ్గుపడుతూ పెట్టిన ఒక్క ముద్ద తర్వాత ఆమె చేతి ముద్ద ఆయన నోటికి వెళ్లడం ఇప్పుడే. ఇంతటి కష్టంలో ఇటువంటి సంతోషం ఏమిటని ఆమెకు భయం కూడా వేసింది.

*

పదకొండు దాటాక వాకిట్లో ఆటో ఆగింది.

"ఓ పద్మా! ఎవ్వలు లేరా ఇంట్ల? ఈ సంచి పట్టుండ్రి, నా నడుము ఇరిగింది!"

పరకాల నుంచి ఆడబిడ్డ సమ్మమ్మ. మేడారం జాతర యేడు పుట్టిందని ఆ పేరు పెట్టారు. రాంచందర్‌కంటే ఆరేడేళ్లు పెద్ద. ఆటో అతను మిర్చి సంచిని అరుగు మీద దింపి వెళ్లాడు.

"మిర్చి అడ్తి ఇంటికి మిర్చి తెచ్చినవా వదినె?" పద్మకు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వు వచ్చింది.

"మీ మిర్చి అమ్ముకునేటందుకు. ఇది తినేటందుకు. ఏటా నేను తేకపోతే మీ ఇంట్ల కారం అయితదా? ఏడి, మా తమ్మి ఏడి?"

లోపలికి వస్తూనే రాంచందర్ కుడివైపు నుంచి వెళ్లి, వాలిపోయిన ఆ చేతిమీదే తన చెయ్యి వేసింది. ఇంటికి వచ్చిన వాళ్లంతా బాగున్న పక్కనే నిలబడి పలకరించి పోతుంటారు. రెండు పక్కల నుంచీ పలకరించమని స్రవంతి ఎంత చెప్పినా వినరు. ఈవిడకు ఎవరూ చెప్పలేదు.

"ఏంరా రాంచందరూ, గిట్ల సన్నవడ్డవు? నీ పెండ్లాం తిండి పెడ్తలేదా?"

"అచ్ఛా," అన్నాడు రాంచందర్. పెదవి ఎడమ కొస పైకి లేచింది.

"అచ్ఛానా? నాకు తెల్సు పెడ్తలేదని."

"నేనా! చెయ్యి పట్టేసిందాక తినిపిస్తాన వదినె, ఆయననే..."

"అరె, పరాచికమాడిన పిల్లా! గంతల్నే కండ్లనీళ్లు పెట్టుకుంటవేంది? దా, వాకిట్ల చెద్దరు పరువు. ఎండ మంచిగుంది, ముచ్చికలు తీద్దాం. వీణ్ని గూడ బయటికి తే."

స్రవంతి పరుగున వచ్చింది. "పెద్దమ్మా, మిర్చి ఘాటుకు మామయ్యకు దగ్గొస్తది. మింగుడు సరిగ లేదు, పొరబోతే నిమ్ము చేస్తది."

"ఓ నర్సమ్మా, పుట్టుడే మిర్చి బస్తాల మీద పుట్టిండు వీడు. గా ఘాటు తగలకనే ముడుచుకపోయిండు."

ఇద్దరి మధ్యా బేరం కుదిరింది. తిన్న అన్నం దిగేదాకా ఆగాలి. గాలి వీచే వైపు కూర్చోబెట్టాలి. దగ్గు వచ్చిన మరుక్షణం లోపలికి. స్రవంతి చక్రాల కుర్చీని తోసుకొచ్చి, వీపు వెనక దిండు పెట్టి, పాదాలు రెండూ నిలువుగా ఆనించింది.

ఎర్రటి కాయలు చెద్దరు మీద పరుచుకున్నాయి. ఎండలో వాటి వాసన వాకిలంతా నిండింది. పద్మకు ఒక్కసారిగా పాత బీటు బజారు ఇల్లు గుర్తొచ్చింది. ఆ ఇంటి ముందుగదంతా బస్తాలే. కొత్తకోడలిగా తుమ్ముతూనే గడప దాటింది. "లచ్చిమికి స్వాగతం మిర్చే చెప్పింది," అని మామగారు మురిసిపోయాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

సమ్మమ్మ గుప్పెడు కాయలు తీసి తమ్ముడి ఒడిలో పోసింది. "చూసి చెప్పురా, ఈసారి మా కాయ ఎట్లున్నదో."

"వదినె, ఆయనెట్ల..."

పద్మ మాట పూర్తికాలేదు. రాంచందర్ ఎడమచెయ్యి కాయల మధ్య కాస్సేపు తిరిగింది. ఒకటి తీసింది. చెవి దగ్గరకు తీసుకుపోయి ఆడించాడు. గింజలు గలగలమన్నాయి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి పుటుక్కున విరిచాడు, లోపలి రంగు చూశాడు, మోకాలి పక్కన వేశాడు. ఇంకొకటి తీశాడు. తెల్లబారిన తాలుకాయ. విరవకుండానే దూరంగా విసిరాడు. ఇంకొకటి. ఇంకొకటి. చూస్తుండగానే ఒడిలోని కాయలు రెండు కుప్పలయ్యాయి, మంచివొక దిక్కు, తాలువొక దిక్కు.

స్రవంతి మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. "అత్తమ్మా, చూస్తాన్రా? వార్డుల కుడిచెయ్యి పడిపోయినోళ్లు ఎడమచేత్తోని గుండీ పెట్టుకోనీకి తిప్పలు పడ్తరు. ఇంత సాఫ్‌గ ఎట్ల..."

"చిత్రమేమున్నది?" సమ్మమ్మ కాయ ముచ్చిక తుంచుతూ తల ఎత్తలేదు. "వాడు పుట్టిందే పుర్రచేతోడు."

పద్మ చేతిలోని కాయ అట్లాగే ఉండిపోయింది. "ఎవలు?"

"ఎవలేంది, వీడే! ఏంరా, నీ పెండ్లానికి చెప్పనే లేదా ఇన్నేండ్ల సంది?"

రాంచందర్ కాయ విరవడం ఆపాడు.

"అన్నిటికి గా చెయ్యే. గోలీలాడితే గదే, రాయి కొడ్తే గదే. అన్నం గూడ గదే చేత్తో తింటుండె. మా అవ్వ ఊకుంటదా? ఏపాకు పసరు పూసింది. వీడు దాన్ని గూడ నాకి మింగిండు." సమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇగ లాభం లేదని, అన్నానికి కూసునే యాళ్లకు ఎడమచేతికి పాత చీర పీలిక చుట్టి మొల్తాడుకు కట్టేది. సావుకారి కొడుకు పుర్రచేత్తో పైసలిస్తే ఎవడు తీస్కుంటడు, దుకాణం ఎట్ల నడుస్తది అని మా బాపు లొల్లి. కుడిచేత్తోని తినరాక సగం అన్నం కింద పోసుకుంటుండె."

"మరి?" అంది స్రవంతి.

"మరేంది, దొంగతనంగ తింటుండె. బస్తాల సందుల కూసొని. నేను అంగట్ల మా బాపు రాకుంట కావలి. మెతుకు కింద పడకుంట గిన్నె నాకి పెడ్తుండె దొంగోడు. 'అక్కా, ఈ చేత్తోని తింటెనే అన్నం రుచి' అంటుండె. తర్వాత బడి, దుకాణం... కుడిచెయ్యి అలవాటైంది. ఇగ అందరం మరిచిపోయినం."

రాంచందర్ నవ్వాడు. సగం మొహమే నవ్వింది. నవ్వుతూనే కళ్లలో నీళ్లు పొంగి చెంపల మీదికి కారాయి. ఈ జబ్బులో నవ్వూ ఏడుపూ అదుపులో ఉండవని స్రవంతి వాళ్లకు చెప్పే ఉంది. ఇప్పుడు మాత్రం ఆమె ఇంకో గుప్పెడు కాయలు ఆయన ఒడిలో పోసింది.

"అచ్ఛా," అన్నాడాయన. "అచ్ఛా, అచ్ఛా."

పద్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

*

వంటింట్లో దండెం మీద తువ్వాల ఆరేసి ఉంది. పద్మ దాన్ని చూస్తూ నిలబడింది.

మేడ మీద క్యారమ్ ఆడేటప్పుడు ఎడమచేత్తో కొట్టేవాడు. "ఆటకేమున్నది తియ్యి," అనేవాడు. గడియారానికి ఆ చేత్తోనే కీ ఇచ్చేవాడు. సాయితేజ పుట్టినప్పుడు దవాఖానలో ఆ చేతి మీదే పడుకోబెట్టుకున్నాడు. అన్నీ ఆమె కళ్లముందే జరిగాయి. ఒక్కటీ కనబడలేదు.

దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన మొదటి రోజున ఆ చెయ్యి పళ్లెం వైపు వచ్చింది. అది బాగా గుర్తుంది. "ఆ చెయ్యి కాదుండ్రి," అని ఆమే మెల్లగా వెనక్కి జరిపింది. మర్నాడూ వచ్చింది. మర్నాడూ జరిపింది. ఆ తర్వాత తువ్వాల కప్పింది. ఆయన తిండి తగ్గింది ఆ తర్వాతే.

స్రవంతి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నేను గూడ తప్పే చేసిననత్తమ్మా. చిన్నపిల్లగానికి ఇచ్చినట్టు గా స్పాంజి చెంచా ఇచ్చిన. వార్డుల అందరికి అట్లనే ఇస్తం. అందరి ముందట పట్టుకోమన్న. మనసుల దిగులు పట్టి తింటలేరనుకున్న, మందు మార్చమని డాక్టర్‌ను అడుగుదామనుకున్న."

పద్మ పొయ్యి గట్టు తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

"ఇన్నేండ్లల నాకొక్క మాట చెప్పలె," అంది చివరికి.

"ఏమో, ఆయన గూడ మరిచిపోయిన్రేమో."

"మరిచిపోతే కండ్లనీళ్లెందుకొస్తయి?" అంది పద్మ. "స్రవంతీ, నీకొకటి చెప్త, ఎవలితోని అనకు. నాకు ఆయనకు తినిపియ్యబుద్ధయితది. పద్ధతి, లచ్చిమి... అన్ని పైకి అంటాన గని... ఆయన నా ఎదురుంగ గింతసేపు కూసున్నది ఇప్పుడే బిడ్డా. తన చేత్తో తినుడు షురువైతే మళ్ల..."

స్రవంతి దగ్గరికి వచ్చి, ఆమె చేతిలోని మసిగుడ్డ తీసుకుంది. బయట సమ్మమ్మ ఏదో అంటోంది. "అచ్ఛా, అచ్ఛా," అని జవాబు వినబడుతోంది. పొద్దుటికంటే ఆ గొంతులో బలం ఉంది.

*

దీపాలు పెట్టే వేళకు సాయితేజ వచ్చాడు. మేనత్తను చూసి కాళ్లు మొక్కాడు, తండ్రి వైపు మాత్రం సూటిగా చూడలేకపోయాడు.

"అందరికి ఒక్కతాన్నే పెడ్త. రాండ్రి," అంది పద్మ.

ఇన్నాళ్లూ రాంచందర్‌కు ముందు తినిపించి, పడుకోబెట్టే వేళదాకా కూర్చోబెట్టి, తర్వాతే మిగతావాళ్లు తినేవాళ్లు. ఈరోజు ఆయన కుర్చీని బల్ల దగ్గరికే తోసింది. పళ్లెం తెచ్చి, ఎప్పటిలా తన చేతిలో పట్టుకోకుండా ఆయన ముందు, కొంచెం ఎడమవైపుకు పెట్టింది. కదలకుండా కింద తడిగుడ్డ పరిచింది. ఆ ఉపాయం స్రవంతిది. మెత్తటి అన్నం, పప్పు, ఒక చుక్క నెయ్యి. చెంచా పెట్టలేదు.

తువ్వాలను మెడ చుట్టూ మాత్రమే కట్టింది.

ఎడమచెయ్యి బల్ల అంచు మీద ఉంది. రాంచందర్ పళ్లెం చూశాడు. పెళ్లాం మొహం చూశాడు. కొడుకును చూశాడు. చెయ్యి కదల్లేదు.

సాయితేజకు ఏమీ అర్థం కాలేదు. "అమ్మా, బాపుకు తినిపిస్తలేవా?"

"నీ పళ్లెం నువ్వు చూస్కో. అందరు ఎవలి పళ్లెం వాళ్లు చూస్కోండ్రి."

సమ్మమ్మ గొంతు సవరించుకుంది. "తినురా తమ్మీ. మన బాపు అంగట్ల లేడు. నేను కావలున్న."

సాయితేజ తల వంచుకుని పప్పన్నం కలుపుతున్నాడు. స్రవంతి తన పళ్లెం చూస్తున్నట్టే ఉంది కానీ, కంటి కొస నుంచి మామ గొంతునే గమనిస్తోంది. పద్మ అటు తిరిగి చెంబులో నీళ్లు పోస్తూ నిలబడింది. చెంబు నిండినా అటే నిలబడింది.

వేళ్లు పళ్లానికి తగిలిన చప్పుడు వినబడింది.

ఆమె తిరగలేదు. ఒక ఊపిరి. రెండు. మింగిన చప్పుడు. దగ్గు వస్తుందేమోనని ఆగింది. రాలేదు. మళ్లీ వేళ్ల చప్పుడు.

అప్పుడు తిరిగింది. ముద్ద చిన్నగా, గుండ్రంగా ఉంది. పళ్లెం చుట్టూ ఒక్క మెతుకు కూడా పడలేదు. గడ్డం కిందికి వంచి, ఆయన నెమ్మదిగా తింటున్నాడు. అంత నిదానంగా ఆయన ఎప్పుడూ తినలేదు. పద్మ ఖాళీగా ఉన్న తన చేతులను కొంగుకు తుడుచుకుని, మొట్టమొదటిసారి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. తన పళ్లెం తాను పెట్టుకుంది.

పళ్లెంలో సగం అన్నం అయ్యేదాకా తింటూ కూర్చుంది.

"రేపటి సంది ఈయనకు నేను తినిపియ్యను," అంది తర్వాత. గొంతు పెంచలేదు. పప్పు గిన్నె ఇటు జరపమన్నట్టే చెప్పింది. "ఇంట్ల ఇంకెవ్వలు గూడ తినిపియ్యరు. ఆయన అన్నం ఆయననే తింటరు, మనతోని కూసొని."

స్రవంతి తలూపింది.

"ఇంకోటి. శుక్రవారం కాంటా పూజకు ఆయన వస్తరు. ఎంబడి నేనొస్త. పోశయ్యకు పొద్దుగాల ఫోన్ చేసి చెప్పు సాయీ, సేటు హైదరాబాద్ల లేడు, ఇంట్లనే ఉన్నడని. మొదటి బస్తాకు బొట్టు ఆయననే పెడ్తరు. బోణీ ఆయననే చేస్తరు. గీ చేత్తోనే."

సాయితేజ కలుపుతున్న చెయ్యి ఆగింది. సమ్మమ్మ నములుతున్నది మింగకుండా మరదలి వైపు చూసింది. కొత్త మిర్చి, మొదటి బస్తా, ఎడమచెయ్యి. ఆ మూడింటినీ ఒక్క మాటలో కలిపి అన్నవాళ్లు ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ లేరు.

పద్మ ఎవరి వైపూ చూడలేదు. భర్త వైపే చూసింది.

రాంచందర్ చేతిలోని ముద్ద పళ్లానికీ నోటికీ మధ్య ఆగిపోయింది. పైకి వెళితే సరేనని, కిందికి దిగితే వద్దని ఆయన జవాబు; అది ఏదవుతుందో తెలియక, బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయారు.